మూడవ అడుగు

కార్తికమాసము దీపముల మాసము. శుద్ధపాడ్యమి నాటి సాయంకాలము మొదలు నెల పొడుగునను దేవాలయముల ధ్వజస్తంభములపై ఆకాశదీపము వెలుగుచుండును. చిల్లులు గల చిన్న లోహపాత్రలో ప్రమిద నుంచి, నూనె పోసి, వత్తి వెలిగించి, కప్పీ మీది త్రాటితో దానిని పైకి లాగుదురు. క్రింద నిలిచినవారు చేతులు జోడింతురు. ఇంతకు మించి ఆ క్రియలో ఆడంబరము లేదు.

సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు సమీపమున, నారాయణఖేడ్ అను పట్టణము కలదు. 2016కు పూర్వము ఇది మెదక్ జిల్లాలో నుండెను. చుట్టును నల్లరేగడి భూములు. ప్రత్తి, కంది, జొన్న పండు చేలు. అంగడిలో తెలుగుతో పాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ వినిపించును. ఆ ఊరిలో ఒక వృద్ధ కర్షకుడు ఏటేట కార్తికమున గుడికి పోయి ఆకాశదీపపు త్రాడు లాగుచుండెడివాడు. దీపమునకు వత్తులు చేసియిచ్చునది ఆయన ఇల్లాలు. తమ చేనిలో పండిన ప్రత్తినే ఏరి, గింజ తీసి, అరచేతితో ఒత్తి సన్నని వత్తులు చేసెడిది. ఒక ఏడు శ్రావణమాసమున ఆమె పరమపదించెను. కార్తికము వచ్చునప్పటికి ఆమె చేసిన వత్తులు ఒక చిన్న డబ్బాలో మిగిలియున్నవి. ఆ చేయి మాత్రము లేదు.

హైదరాబాదులో భౌతికశాస్త్రము చదువుచున్న మనుమడు దీపావళి సెలవులకు ఇంటికి వచ్చెను. అవ్వ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. మరునాటి సాయంకాలము తాత డబ్బా చేతబట్టుకొని, "బిడ్డా, నీవును గుడికి రా" అని పిలిచెను. వాడు కదలక ఇట్లనెను: "తాతా, ఆ దీపము ఎవరికి కనబడును? ఈ విశ్వమున సూర్యుడే ఒక నలుసు. భూమి ఆ నలుసు చుట్టు తిరుగు ఇంకను చిన్న నలుసు. అందులో మన ఊరు ఎంత? గుడి ఎంత? అవ్వ ఎంత? అంతటి లోకమున ఆమె ఉండుటకును లేకుండుటకును భేదమేమి? చదివినకొలది నాకు ఇదియే కనబడుచున్నది."

తాత బదులు చెప్పలేదు. డబ్బా తీసికొని ఒంటరిగ గుడివైపు నడచెను.

ఆ పిల్లవాని మాటలో నాస్తికత్వము కన్న దుఃఖము ఎక్కువ. అట్టి ప్రశ్న ఎదురైనప్పుడు పెద్దలు సాధారణముగ రెండు విధముల పొరబడుచుందురు. కొందరు అపచారమని గద్దించి నోరు మూయింతురు. మరికొందరు, సైన్సు కనుగొన్నదంతయు మన ఋషులు ముందే చెప్పియున్నారని వాదించి గెలువజూతురు. మొదటిది ప్రశ్నించువానిని అవమానించుట. రెండవది శాస్త్రజ్ఞుల శ్రమను, శ్రుతి తాత్పర్యమును రెంటిని తక్కువ చేయుట. వానికి సమాధానము కావలెనన్నచో, ముందు వాడు చూచిన కొలతలను వానితో పాటు నిజాయితీగ చూడవలెను.

కొలత యనగనే కార్తిక శుద్ధపాడ్యమి నాడు తలపునకు వచ్చువాడు బలిచక్రవర్తి. ఆనాటిని బలిపాడ్యమి యందురు. వామనుడు, అనగా పొట్టివాడు, యజ్ఞవాటికకు వచ్చి మూడడుగుల నేల యాచించెను. బలి నవ్వి, ఇంకను పెద్దది కోరుమనెను. వటువు ఒప్పుకొనలేదు. ధారపోసిన పిమ్మట ఆ పొట్టివాడే త్రివిక్రముడై, ఒక అడుగున భూమిని, ఒక అడుగున స్వర్గాది లోకములను ఆక్రమించెను. మూడవ అడుగునకు చోటు లేకపోయెను. ఈ కథను మనసున నుంచుకొని, నేటి శాస్త్రము వేసిన రెండడుగులను పరికింపవలెను. ఒకటి సూక్ష్మము వైపు, ఒకటి మహత్తు వైపు.

సూక్ష్మము వైపు వేసిన అడుగు మన దేశమున మిక్కిలి పాతది. కణాద మహర్షి ప్రవర్తింపజేసిన వైశేషిక దర్శనము దానిని తర్కముతో వేసెను. గవాక్షము గుండ లోపలికి వచ్చు సూర్యకిరణమున ఎగురు నలుసును త్రసరేణువనిరి. మూడు ద్వ్యణుకములు కూడినచో ఒక త్రసరేణువు. రెండు పరమాణువులు కూడినచో ఒక ద్వ్యణుకము. కావున పరమాణువు కంటికి కనబడు నలుసులో ఆరవ వంతు. విభజన ఎచ్చటనో ఒకచోట ఆగవలెనని వారి వాదము. ఆగనిచో మేరుపర్వతమునకును ఆవగింజకును అవయవములు సమముగ అనంతములే కావలసివచ్చును. అప్పుడు ఇది పెద్దది, అది చిన్నది అనుటకు ఆధారముండదు.

నేటి పాఠ్యపుస్తకములు పరమాణువను మాటను అచ్చటి నుండియే అరువు తెచ్చుకొన్నవి. కాని రెండును ఒకటి కావు. కణాదుని పరమాణువు నిరవయవము, నిత్యము. అది తర్కమున తేలినది. నేటి పరమాణువు ప్రయోగమున తేలినది; దానికి అవయవములు కలవు. అట్టివి 10 కోట్లు వరుసగ పేర్చినను ఒక సెంటీమీటరు పొడవు మాత్రమే యగును. కిటికీ వెలుగున ఎగురు ఒక్క నలుసులో అవి లక్షల కోట్ల సంఖ్యలో నుండును. 1911లో రూథర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞుడు పరమాణువు నడుమ మిక్కిలి చిన్న కేంద్రకము కలదనియు, బరువంతయు దాదాపు అందే యున్నదనియు నిరూపించెను. ఆ కేంద్రకము ఒక జొన్నగింజ యంత యైనదనుకొన్నచో, పరమాణువు హద్దు నూరుగజములకు అటుఇటుగ నుండును. గింజకును హద్దునకును నడుమ కొన్ని ఎలక్ట్రానులు తప్ప మరేమియు లేదు. కేంద్రకమున ప్రోటానులు, న్యూట్రానులు, వానిలో క్వార్కులు. ఈ క్వార్కులను 1964లో శాస్త్రజ్ఞులు తొలుత ఊహించి, తరువాతి ప్రయోగములలో గుర్తించిరి. ఎలక్ట్రానునకు గాని క్వార్కునకు గాని ఇంత పరిమాణమని చెప్పదగిన కొలత ఇంతవరకు ఏ ప్రయోగమునను దొరకలేదు.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు చేసిన బోధ ఇచ్చట స్మరింపదగినది. మర్రిపండు తెప్పించి పగులగొట్టించెను; గింజలు కనబడెను. గింజను పగులగొట్టించెను, ఏమియు కనబడలేదు. ఆ కనబడని సూక్ష్మము నుండియే అంతటి మర్రిచెట్టు నిలిచియున్నదని తండ్రి చెప్పెను. ఉద్దాలకుడు భౌతికశాస్త్రము చెప్పలేదు. కంటికి ఆననంత మాత్రమున దేనిని లేనిదానిగ, విలువలేనిదానిగ తలపరాదని చెప్పెను.

ఇక మహత్తు వైపు అడుగు. భూమి వ్యాసము సుమారు 12,700 కిలోమీటర్లు. సూర్యుని వ్యాసము దానికి 109 రెట్లు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. క్షణమునకు, అనగా ఒక సెకనునకు, 3 లక్షల కిలోమీటర్లు పరుగిడు కాంతి అచ్చటి నుండి మనలను చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును. సంధ్యవార్చువాడు అర్ఘ్యమిచ్చునది 8 నిమిషముల క్రిందటి సూర్యబింబమునకు. ఆ కాంతియే ఒక సంవత్సరము పరుగిడిన దూరమును కాంతిసంవత్సరమందురు. అది సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. సూర్యుని తరువాత మనకు దగ్గరి నక్షత్రము నాలుగు కాంతిసంవత్సరములకు మించిన దూరమున కలదు. మన పాలపుంత, పూర్వులు ఆకాశగంగ యన్నది, దాదాపు లక్ష కాంతిసంవత్సరముల వెడల్పు గలది. అందు 10,000 కోట్లకు తగ్గకుండ నక్షత్రములున్నవని అంచనా.

ఈ లెక్కలు దూరదేశమున మాత్రమే జరిగినవి కావు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచమందలి పలు వేధశాలలు కలిసి పూనుకొన్న ఆకాశపట నిర్మాణమున పాలుపంచుకొన్నది. రాత్రి వెంట రాత్రి ఛాయాచిత్రములు తీసి, వానిపై లక్షల నక్షత్రముల స్థానములను చేతితో కొలిచి వ్రాసిరి. ఒక్కొక్క చుక్కను విడువక లెక్కించిన ఆ ఓర్పును గూడ తపస్సనియే చెప్పవలెను.

కార్తికమున చీకటి రాత్రి, దీపములు తగ్గిన పొలిమేరకు పోయి, ఉత్తరాభాద్ర నక్షత్రమునకు ఈశాన్యముగ చూచినచో, మబ్బుతునక వంటి సన్నని మసక యొకటి కనబడును. అది మన పాలపుంతకు పొరుగున నున్న మరియొక మహానక్షత్రమండలము, పేరు ఆండ్రోమెడా. దాని కాంతి బయలుదేరి 25 లక్షల సంవత్సరములైనది. పరికరము లేని కంటికి అందు మిక్కిలి దూరపు వస్తువులలో అదియొకటి. అట్టి మండలములు గుంపులుగను, గుంపులు మహాసమూహములుగను కూడియున్నవి. 2017లో పుణెలోని ఖగోళశాస్త్రజ్ఞులు, వారి సహచరులు, మీనరాశి దిక్కున 400 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున అట్టి మహాసమూహము నొకదానిని ప్రకటించి, దానికి సరస్వతి యని పేరిడిరి. ఒక కొన నుండి మరియొక కొనకు అది సుమారు 60 కోట్ల కాంతిసంవత్సరములు. కనబడు విశ్వపు వ్యాసము దాదాపు 9,300 కోట్ల కాంతిసంవత్సరములని నేటి గణన. సరస్వతియు అందొక మూలనే యున్నది.

ఈ రెండడుగులు ఒకదానికొకటి దూరముగ పోవుచున్నట్లు తోచును. కాని అవి కలియు చోటు నారాయణఖేడ్‌కు వాయవ్యముగ, నాందేడ్ దాటిన పిమ్మట హింగోలి జిల్లాలోని ఔండా వద్ద సిద్ధము కానున్నది. ఔండా నాగనాథుని శివక్షేత్రముగ యాత్రికులకు తెలిసినదే. ఆ సమీపముననే లైగో-ఇండియా యను వేధశాల నిర్మాణమునకు కేంద్రప్రభుత్వము 2023లో ఆమోదము నిచ్చెను. ఇట్టి వేధశాలలు అమెరికాలో రెండు కలవు. 2015 సెప్టెంబరు 14వ తేదీన, సుమారు 130 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఒకటిగ కలిసిపోయిన సంక్షోభము అచ్చట తెలియవచ్చెను. తెలిసినదెట్లు? నాలుగు కిలోమీటర్ల పొడవు గల రెండు బాహువులలో పొడవు ఒకింత మారెను. ఆ మార్పు ఒక ప్రోటాను వెడల్పులో నూరవ వంతు కన్నను తక్కువ. అంతటి సూక్ష్మమును పట్టగలిగిరి కనుకనే అంతటి మహత్తు వినబడెను. సూక్ష్మము మహత్తునకు వాకిలి యైనది.

ఇప్పుడు మనుమని ప్రశ్నకు మరలవలెను. ఈ కొలతల యందు వాడు చెప్పినదానిలో అసత్యమేమియు లేదు. భూమి నలుసే. కాని ఆ కొలత నుండి వాడు తీసిన నిర్ణయము నిలుచునా? చిన్నది కనుక విలువలేనిది అని వాని హేతువు. వాడు ఒక వైపు మాత్రమే చూచెను. రెండవ వైపు చూచినచో ఒక మనుష్యదేహమునందలి పరమాణువుల సంఖ్య, కనబడు విశ్వమందలి నక్షత్రముల అంచనా సంఖ్యను మించిపోవును. చిన్నదనము విలువలేమికి హేతువైనచో, పెద్దదనము విలువకు హేతువు కావలెను. అప్పుడు అదే మనిషి ఒక వైపు నుండి విలువలేనివాడు, మరియొక వైపు నుండి విలువగలవాడు కావలసివచ్చును. ఇట్టి హేతువును తార్కికులు అప్రయోజకమందురు. అది దేనిని సాధింపదు. కొలబద్ద పొడవును చెప్పును. విలువను చెప్పుట దాని పని కాదు.

మరి అవ్వ? ఆమె నెత్తుటిలోని ఇనుము సూర్యుని కన్న ముందు పుట్టి గిట్టిన నక్షత్రముల గర్భమున పక్వమైనదని శాస్త్రము చెప్పును. అది సత్యము, ఆశ్చర్యకరము. కాని ఆ మాటతో ఆ పిల్లవానిని ఓదార్పబూనుట తగదు. వాడు వెదకుచున్నది ఆమె అణువులను గాదు, ఆమెను. 9,300 కోట్ల కాంతిసంవత్సరముల విశ్వములో ఏ నక్షత్రమును అవ్వ ఏదియని అడుగలేదు. అడిగినది ఒక్క హృదయము. ఆ హృదయము దేహమున పిడికెడు మాత్రము. రెండడుగులలో కొలిచినదంతయు అందు తలపుగ ఇమిడినది. ఇమిడిన పిమ్మటను అందు ఒక ముసలిదాని కొరకు చోటు మిగిలియున్నది. వాడు అన్నిటిని కొలిచెను గాని, కొలుచుచున్న తన్ను లెక్కలో చేర్పమరచెను.

కఠోపనిషత్తున యమధర్మరాజు నచికేతునకు చేసిన బోధకును తాత్పర్యమిదియే. నచికేతుడును మరణము గూర్చి అడిగిన బాలుడే. ఆత్మను సూక్ష్మములలో సూక్ష్మముగను, మహత్తులలో మహత్తుగను ఒక్కసారియే చెప్పి, అది ప్రాణి హృదయగుహ యందున్నదని యముడు తెలిపెను. దానికి రెండు కొలతలు కలవని దీని అర్థము కాదు. చిన్న, పెద్ద యను కొలతలు రెండును దానిని అందుకొనలేవని అర్థము. యశోద బిడ్డ నోట మన్ను కలదేమోయని చూచి బ్రహ్మాండమును చూచెను. చూచి, ఆ పిమ్మట అన్నిటిని మరచి, బిడ్డను ఒడిలోనికి తీసికొనెను. బ్రహ్మాండము కనబడినదని బిడ్డ ఆమెకు చిన్నవాడు కాలేదు.

బలి విషయమును అట్టిదే. రెండడుగులతో లోకములన్నియు అయిపోయినవి. మూడవ అడుగు ఎచ్చటనని స్వామి అడిగినప్పుడు, బలి తన తలను చూపెను. లోకములకు ఆవల చోటు దొరకని పాదమునకు ఒక వంచిన తల మీద చోటు దొరికెను. అంతియే కాదు, లోకములను కొలిచిన స్వామి సుతలమున బలి వాకిట ద్వారపాలకుడై నిలిచెనని భాగవతము చెప్పుచున్నది. విశ్వము యొక్క విస్తారమును తెలిసికొన్నవానికి కలుగవలసినది ఈ వినయము. తాను అల్పుడనని క్రుంగుట వినయము కాదు. అది అహంకారమే ముఖము మార్చుకొని వచ్చుట. అంత విశ్వమున తనకు అందిన ఒక చిన్న పనిని శ్రద్ధతో చేయుట వినయము. నిజామియా వేధశాలలో ఒక్కొక్క చుక్కను గుర్తించినవారు చేసినది అది. చేనిలోని ప్రత్తిని గింజ తీసి ఒత్తిన అవ్వ చేసినదియు అదియే.

ఆ సాయంకాలము గుడిలో తాత దీపము వెలిగించి త్రాడు పట్టెను. చేతులు వణకెను. పాత్ర సగము దూరము పోయి ఆగిపోయెను. వెనుక నుండి రెండు చేతులు వచ్చి త్రాటిని అందుకొనెను. మనుమడు ఇంటివద్ద నిలువలేక వచ్చియుండెను. ఇద్దరును కలిసి లాగగా దీపము స్తంభము కొనకు చేరెను.

కొంతసేపటికి తాత మెల్లగ ననెను: "ఎవరికి కనబడునో నాకు తెలియదు బిడ్డా. మీ అవ్వ ఆ మాట ఏనాడును అడుగలేదు. వత్తి సరిగ ఉన్నదా యని మాత్రము చూచెడిది." మనుమడు ఏమియు పలుకక, పైనున్న దీపమును, దానిపైనున్న చుక్కలను చూచుచు చాలసేపు నిలిచెను.

సంస్కృతమున ఖేట శబ్దమునకు కర్షకులు నివసించు పల్లె యని యొక అర్థము. దానినుండియే ఖేడ్ వచ్చినది. ఖే యనగా ఆకాశమునందు, అట యనగా తిరుగునది. కావున గ్రహమనియు అదే శబ్దమునకు మరియొక అర్థము. నారాయణుని పల్లె యన్నను, ఆకాశమున తిరుగు నారాయణుని గ్రహమన్నను ఆ పేరునకు చెల్లును. ఒకే మాటలో ఒక పల్లెయు ఒక గ్రహమును ఇమిడినవి. ఎంత చిన్నదానిని, ఎంత పెద్దదానిని తలచినను ఆయన ఇంటి ఆవరణ దాటి పోలేదని భక్తుడు ఆ పేరున చదువుకొనవచ్చును.

సెలవులు ముగిసి హైదరాబాదునకు పోవుటకు ముందు మనుమడు డబ్బా విప్పి చూచెను. అవ్వ చేసిన వత్తులు పౌర్ణమి వరకు మాత్రమే చాలును. అమావాస్య వరకు కావలసిన వత్తులను తానే కూర్చుండి చేసెను. అవి ఆమె చేసినంత సన్నగ రాలేదు. అయినను వెలిగినవి.

శ్రీమన్నారాయణార్పణమస్తు.